కాన్పు గాయాలు: ఒక్కొక్కదానికి ఒక్కో గడువు

ఆరో వారం పరీక్షలో వైద్యురాలు కుట్లు చూసి, "బాగా మానాయి, ఇక మామూలుగా ఉండవచ్చు" అని చెప్పి పంపిస్తుంది. ఆ మాటతో గుండె తేలికపడిన బాలింత, అదే వారంలో గట్టిగా తుమ్మినప్పుడు నాలుగు చుక్కల మూత్రం జారడం గమనిస్తుంది. సిజేరియన్ అయిన మరొకామెకు గాటు పైన వేలు పెడితే ఆ చోటు తనది కానట్టు మొద్దుబారి ఉంటుంది. వైద్యురాలు సరిగా చూడలేదేమోనని, లేకపోతే తన శరీరంలోనే ఏదో లోపం ఉందేమోనని అనుమానం మొదలవుతుంది. నిజానికి వైద్యురాలు చెప్పిందీ నిజమే, ఈ తల్లులు అనుభవిస్తున్నదీ నిజమే. ఆమె చూసింది చర్మాన్ని. జారుతున్నది కండరాల పట్టు, మొద్దుబారింది నరం. చర్మం మానడానికి పట్టే కాలంలో కండరం మానదు, కండరం మానినంత వేగంగా నరం కోలుకోదు.

ప్రసవాన్ని ఒకే ఘటనగా, ఆ తర్వాతి కోలుకోవడాన్ని ఒకే గడువుగా లెక్కించడం మనకు అలవాటైపోయింది. శరీరంలో మాత్రం నాలుగైదు చోట్ల, వేర్వేరు లోతుల్లో మరమ్మతు ఒకేసారి మొదలై, దేని వేగంతో అది సాగుతుంది. ఏది ఎప్పటికి మానాలో తెలియనప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి: మామూలుగా జరగవలసిన దానికి హడలిపోవడం ఒకటి, హడలిపోవలసిన దాన్ని "కాన్పు అన్నాక ఇవన్నీ ఉంటాయిలే" అని ఓర్చుకోవడం రెండోది. మొదటిది మనశ్శాంతిని పోగొడుతుంది. రెండోది ఒక్కోసారి ప్రాణాల మీదికే తెస్తుంది. అందుకే ఈ గడువులను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూడాలి.

కంటికి కనిపించని పెద్ద గాయం

కాన్పు గాయం అనగానే కుట్లే గుర్తుకొస్తాయి. కానీ ప్రతి తల్లికీ, సహజ ప్రసవమైనా సిజేరియన్ అయినా, ఒక్క కుట్టు కూడా పడకపోయినా, తప్పకుండా ఉండే గాయం గర్భసంచి లోపల ఉంటుంది. అది మాయ ఊడిన చోటు; దాదాపు అరచేయంత వెడల్పున్న పచ్చి గాయం. నెలలు నిండిన గర్భసంచి గుండా నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడగానే ఆ రక్తనాళాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది ప్రధానంగా కండరమే. గర్భసంచి గోడలో అడ్డదిడ్డంగా అల్లుకున్న కండరపు పోగులు బిగుసుకుని, మధ్యలో ఉన్న నాళాలను నొక్కిపడతాయి. గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతే రక్తస్రావం ఆగకపోవడానికి కారణం ఇదే. కాన్పయిన తొలి గంటల్లో నర్సు పదేపదే వచ్చి పొత్తికడుపు నొక్కి చూడటం కూడా ఇందుకే.

కాన్పు కాగానే గర్భసంచి సుమారు ఒక కిలో బరువుంటుంది, దాని పైఅంచు బొడ్డు దగ్గర చేతికి తగులుతుంది. రోజుకు ఒక వేలు మందం చొప్పున కిందికి దిగుతూ, వారం తిరిగేసరికి సగం బరువుకు తగ్గి, రెండు వారాలయ్యేసరికి కటి ఎముకల గూటిలోకి వెళ్లి పైనుంచి తగలకుండా పోతుంది. ఆరో వారానికి వంద గ్రాముల లోపుకు చేరుతుంది. ఇంత కండరం ఇంత తక్కువ కాలంలో తగ్గిపోయే అవయవం శరీరంలో మరొకటి లేదు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి రావడం ఈ పనిలో భాగమే. బిడ్డ చప్పరించినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పాలను దింపడంతోపాటు గర్భసంచినీ బిగిస్తుంది. తొలి కాన్పులో అంతగా తెలియని ఈ నొప్పి రెండో, మూడో కాన్పులో ఎక్కువగా తెలుస్తుంది, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఈ గాయం మానుతున్న తీరును బయటికి చెప్పేది కాన్పు స్రావం. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, చిన్న చిన్న గడ్డలతో ఉంటుంది. తర్వాత పదో రోజు వరకు గులాబీ, గోధుమ రంగులోకి పలచబడుతుంది. ఆపైన పసుపు, తెలుపు రంగులో నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది. మాయ ఉన్న చోట పైన పక్కు కట్టి, దాని కింద కొత్త పొర పెరిగి, ఆ పక్కును పైకి నెట్టి రాల్చేస్తుంది. మచ్చ మిగలకుండా మానే అరుదైన గాయం ఇది. మచ్చే మిగిలి ఉంటే ప్రతి కాన్పుకూ గర్భసంచిలో కొంత చోటు పనికిరాకుండా పోయి ఉండేది. ఆ పక్కు రాలే సమయంలో, అంటే ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ నడుమ, ఒకటి రెండు గంటలు ఎర్రటి రక్తం మళ్లీ కనబడవచ్చు. ఎక్కువ పని చేసిన రోజున కూడా పలచబడిన స్రావం తిరిగి ఎర్రబడుతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతే అది శరీరం ఇచ్చిన హెచ్చరిక మాత్రమే. తగ్గకుండా పెరిగితే మాత్రం లోపల మాయ ముక్క మిగిలిపోయిందేమోననీ, క్రిములు చేరాయేమోననీ వెంటనే చూపించుకోవాలి.

పచ్చి గాయం లోపల ఉండి, దానికి దారి తెరుచుకుని ఉన్నంతకాలం క్రిములు లోపలికి పోయే అవకాశం ఉంటుంది. ఈ సత్యానికి వైద్యలోకం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పుల గదికి వచ్చే వైద్యుల చేతులను క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో కడిగించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ విభాగంలో నూటికి 18 మంది దాకా తల్లులు చనిపోగా, జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి రెండు ప్రాంతానికి పడిపోయింది. క్రిముల సంగతి ఇంకా ఎవరూ నిర్ధారించని కాలమది. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ప్యాడ్ మార్చుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోమని చెబితే చాలామంది దాన్ని లాంఛనంగా వింటారు. కాన్పు తర్వాతి జాగ్రత్తల్లో ఒక్కదాన్నే చెప్పమంటే నేను ఎంచుకునేది దీన్నే. స్రావం పూర్తిగా ఆగేవరకు టాంపాన్లు, లోపల పెట్టుకునే కప్పులు వాడకూడదనడానికీ, యోని లోపల కడగకూడదనడానికీ కారణం ఇదే.

కింది కుట్లు

యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉన్న భాగాన్ని పెరీనియం అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు అది చిరగవచ్చు, లేదా ఎపిసియోటమీ పేరుతో వైద్యులే గాటు పెట్టవచ్చు. అందరికీ అలవాటుగా గాటు పెట్టడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రచురించిన సిఫార్సుల్లో స్పష్టంగా చెప్పింది. చిరుగులను నాలుగు స్థాయులుగా లెక్కిస్తారు. మొదటి స్థాయిలో చర్మం మాత్రమే చిరుగుతుంది. ఇది ఒక్కోసారి కుట్లు లేకుండానే మానుతుంది. రెండో స్థాయిలో చర్మం కింది కండరం కూడా చిరుగుతుంది. ఎపిసియోటమీ గాటు లోతు దాదాపు దీనికి సమానం. మూడో స్థాయిలో మలద్వారాన్ని బిగించి ఉంచే వలయ కండరం దెబ్బతింటుంది, నాలుగో స్థాయిలో ఆ చిరుగు మలాశయపు లోపలి పొర దాకా వెళుతుంది. "నాకు కుట్లు పడ్డాయి" అన్న ఒక్క మాట కింద ఇంత తేడా దాగి ఉంటుంది. కనుక తనకు పడినవి ఏ స్థాయి చిరుగుకు పడ్డ కుట్లో ప్రతి తల్లీ అడిగి తెలుసుకుని, ఆసుపత్రి కాగితంలో రాయించుకోవడం అవసరం. తర్వాత వచ్చే ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ ఒక్క వివరం మీదే ఆధారపడుతుంది.

ఏ గాయమైనా మూడు దశల్లో మానుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు వాపు దశ. రక్తం గడ్డకట్టి కారడం ఆగుతుంది. తెల్ల రక్తకణాలు చేరి, చచ్చిన కణాలనూ క్రిములనూ ఏరివేస్తాయి. గాయం ఉబ్బి, వెచ్చగా, సలుపుతూ ఉండటం ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. తర్వాత సుమారు మూడు వారాల వరకు కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ పీచులు పుట్టుకొచ్చి గాయాన్ని పూడుస్తాయి. ఆపైన ఏడాది, అంతకు మించి కూడా, ఆ పీచులు సర్దుకుని బలపడుతూ ఉంటాయి. మూడో వారం చివరికి మానిన చోట ఉండే బలం మామూలు చర్మపు బలంలో ఐదో వంతు మాత్రమే. ఎంత కాలం గడిచినా అది సుమారు 80 శాతానికి మించదు. పెరీనియానికి రక్తప్రసరణ మెండుగా ఉండటం వల్ల, మలమూత్రాలకు అంత దగ్గరగా ఉన్నప్పటికీ ఆ చోటు ఆశ్చర్యం కలిగించేంత త్వరగా మానుతుంది. చిన్న చిరుగులు రెండు వారాల్లో, రెండో స్థాయివి నాలుగు నుంచి ఆరు వారాల్లో సాధారణంగా సర్దుకుంటాయి. కుట్లు కరిగిపోయే దారంతో వేస్తారు కాబట్టి తీయించుకోవలసిన పని ఉండదు. రెండో వారంలో ప్యాడ్ మీద చిన్న దారపు ముక్క కనబడితే కుట్టు ఊడిపోయిందని భయపడనవసరం లేదు.

రోజువారీ జాగ్రత్తలు చూడటానికి చిన్నవే అయినా, వాటి వెనుక ఉన్న కారణం తెలిస్తే పాటించడం సులువవుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది నుంచి ఇరవై నిమిషాల పాటు ఆనించి తీసేస్తే వాపు తగ్గుతుంది. నేరుగా చర్మానికి ఆనిస్తే చర్మం కందుతుంది. ఆ తర్వాత గోరువెచ్చని నీటి తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే రక్తప్రసరణ పెరిగి సలుపు తగ్గుతుంది. మూత్రం కుట్ల మీద పడి మండుతుంటే, మూత్రం పోస్తున్నప్పుడే పైనుంచి గోరువెచ్చని నీళ్లు ధారగా పోసుకుంటే మంట తెలియదు. మంటకు భయపడి నీళ్లు తాగడం తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుంది. కడుక్కోవడం, తుడుచుకోవడం ఎప్పుడూ ముందునుంచి వెనక్కే. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. ప్యాడ్‌ను తడిసినా తడవకపోయినా మూడు నాలుగు గంటలకొకసారి మార్చుకోవాలి. ఇంతకు మించి గాయం మీద ఏదీ వేయకపోవడమే మంచిది. పొడులు, నూనెలు, ఘాటైన యాంటీసెప్టిక్ ద్రవాలు క్రిములకంటే ముందు అప్పుడే పుడుతున్న లేత కణాలనే దెబ్బతీస్తాయి.

నొప్పిని భరించడం గొప్పతనమన్న భావన కోలుకోవడానికి అడ్డుపడుతుంది. నొప్పి ఉన్న తల్లి లేచి తిరగలేదు, సరిగా కూర్చుని పాలివ్వలేదు, నిద్రపోలేదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ పాలిచ్చే తల్లులు వాడదగినవే. పారాసెటమాల్ రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు ఐబుప్రొఫెన్ తీసుకునే ముందు వైద్యులను అడగాలి. కోడీన్ కలిసిన మాత్రలు మాత్రం పాలిచ్చేటప్పుడు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కొందరి శరీరం కోడీన్‌ను అతివేగంగా మార్ఫిన్‌గా మార్చి పాల ద్వారా బిడ్డకు చేర్చి, శ్వాస మందగించేలా చేస్తుంది. నొప్పి రోజురోజుకూ తగ్గుతూ రావాలి. నాలుగో రోజు తర్వాత తిరిగి పెరిగే నొప్పిని మాత్రతో అణచి ఊరుకోకూడదు, చూపించుకోవాలి.

మొదటిసారి మలవిసర్జనకు వెళ్లడం గురించి ఉన్న భయం చాలామంది బయటికి చెప్పుకోనిది. కుట్లు తెగిపోతాయేమోనని ఆపుకుంటారు. ఆపుకున్నకొద్దీ మలం గట్టిపడుతుంది. గట్టిపడినకొద్దీ ముక్కవలసి వస్తుంది. మలం మెత్తగా ఉంటే కుట్లు తెగే అవకాశం చాలా తక్కువ. శుభ్రమైన ప్యాడ్‌ను కుట్లకు ఆనించి చేత్తో మెల్లగా ఆపు పెట్టుకుని, ముందుకు వంగి, పాదాలు కొంచెం ఎత్తున పెట్టి కూర్చుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఇక్కడొక చిక్కుముడి ఉంది. కాన్పులో పోయిన రక్తాన్ని తిరిగి నింపడానికి ఐరన్ మాత్రలు కావాలి. ఆరు నుంచి పన్నెండు వారాల పాటు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. రక్తహీనత ఉంటే గాయానికి చేరే ప్రాణవాయువు తగ్గి మానడం ఆలస్యమవుతుంది. అదే ఐరన్ మలబద్ధకాన్నీ తెస్తుంది. దీనికి పరిష్కారం ఐరన్ మానేయడం కాదు. నీళ్లు, పీచుపదార్థం పెంచి, అవసరమైతే లాక్టులోజ్ వంటి మలాన్ని మెత్తబరిచే మందు అడిగి తీసుకోవాలి. మూడో, నాలుగో స్థాయి చిరుగులున్నవారికి ఆ మందును వైద్యులే రాస్తారు, మధ్యలో ఆపకూడదు.

మూత్రం విషయంలో గడువు రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది. కాన్పయిన తర్వాత, లేదా మూత్రపు గొట్టం తీసిన తర్వాత, ఆరు గంటల లోపు మూత్రం రావాలి. వాపు వల్లా, వెన్నులో ఇచ్చిన మత్తు వల్లా మూత్రాశయం నిండినట్టు తెలియకపోవచ్చు. అది అతిగా సాగితే దాని కండరం దీర్ఘకాలం నీరసపడుతుంది. పైగా నిండిన మూత్రాశయం గర్భసంచిని పక్కకు నెట్టి బిగుసుకోనివ్వదు, దాంతో రక్తస్రావం పెరుగుతుంది.

కుట్లు విడిపోవడం జరిగితే అది ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, తరచూ క్రిములు చేరడం వల్ల జరుగుతుంది. చెడు వాసన, చీము, పెరిగే నొప్పి, గాయం నోరు తెరుచుకున్నట్టు కనబడటం దాని గుర్తులు. వెంటనే మళ్లీ కుట్టకుండా చాలా సందర్భాల్లో గాయాన్ని శుభ్రంగా ఉంచి, అడుగు నుంచి కండ పూడేలా వదిలేస్తారు. చూసేవారికి ఇది నిర్లక్ష్యంలా తోచినా, లోపల క్రిములు ఉండగా పైన మూసేస్తే చీముగడ్డ కడుతుంది కనుక ఈ పద్ధతి సబబే. ఇక వలయ కండరం చిరిగినవారి విషయంలో ఒక ధైర్యం చెప్పవచ్చు: సరిగా కుట్టిన పక్షంలో నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది నాటికి ఏ ఇబ్బందీ మిగలదని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే అపానవాయువు ఆపుకోలేకపోవడం, మలం తోచగానే పరుగెత్తవలసి రావడం వంటివి ఉంటే సిగ్గుపడి దాచకూడదు. కాన్పు సమయంలో గుర్తించకుండా పోయిన చిరుగు బయటపడేది కూడా ఈ లక్షణాలతోనే.

సిజేరియన్ గాటు

సిజేరియన్‌లో కడుపు కండరాలను కోసేస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా వాటిని కోయరు; మధ్యలో పక్కలకు జరుపుతారు. కోసేవి చర్మం, కొవ్వు, కండరాలను కప్పి ఉంచే గట్టి పీచుపొర, కడుపు లోపలి పలచటి పొర, చివరగా గర్భసంచి గోడ. వీటిలో చర్మం అంచులు 24 నుంచి 48 గంటల్లోనే అతుక్కుని పైనుంచి క్రిములు లోపలికి పోకుండా మూసుకుంటాయి; అందుకే కట్టు తీసేసి, ఒంటి మీద నీళ్లు పోసుకోనిస్తారు. గాటు మీద నీళ్లు ధారగా పారనిచ్చి, రుద్దకుండా, తడి లేకుండా అద్దుకుంటే చాలు. పొట్ట మడత గాటు మీద పడేవారు ఆ మడతలో చెమ్మ నిలవకుండా మరింత శ్రద్ధ తీసుకోవాలి.

అసలు బలం ఆ పీచుపొరది, అది మానేది నెలల్లో. ఆరో వారానికి దానికి తిరిగివచ్చే బలం సుమారు సగం. మొదటి ఆరు వారాలు బిడ్డకంటే బరువైనది ఎత్తవద్దని చెప్పే సలహాకు ఆధారం ఈ లెక్కే. మంచం మీది నుంచి నిటారుగా లేవకుండా, పక్కకు ఒత్తిగిల్లి చేతుల ఆసరాతో లేవడం, దగ్గు వచ్చినప్పుడు దిండును గాటుకు అదిమి పట్టుకోవడం ఆ పొర మీద పడే లాగుడును తగ్గిస్తాయి. అలాగని కదలకుండా పడుకోవడం ప్రమాదకరం. కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం సులువుగా గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది. శస్త్రచికిత్స ఆ ముప్పును పెంచుతుంది. కాబట్టి మొదటి 24 గంటల్లోనే లేచి నాలుగు అడుగులు వేయడం చికిత్సలో భాగమని గ్రహించాలి. బరువు ఎత్తవద్దన్న మాటను నడవవద్దన్న మాటగా అర్థం చేసుకోవడమే ఇంట్లో జరిగే అతి సాధారణమైన పొరపాటు.

గాటులో చీము పట్టడం ఎక్కువగా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాకే, నాలుగో రోజు తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. ఎరుపు గాటు అంచులు దాటి పాకడం, ఆ చోటు గట్టిపడి వేడిగా ఉండటం, చీము లేదా వాసన గల నీరు కారడం, జ్వరం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారిలో చక్కెర అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది.

గాటు పైభాగం మొద్దుబారడం చర్మంలోని సన్నని నరాలు తెగడం వల్ల వస్తుంది. అవి నెలల తరబడి మెల్లగా పెరుగుతాయి. ఆ క్రమంలో చీమలు పాకినట్టు, చురుక్కుమన్నట్టు అనిపిస్తుంది. చిన్న చోటులో స్పర్శ శాశ్వతంగా తగ్గవచ్చు, దానివల్ల హాని లేదు. వెన్నులో మత్తు సూది వేసినందుకే జీవితాంతం నడుము నొప్పి వస్తుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. బలహీనపడిన కడుపు కండరాలూ, బిడ్డను ఎత్తుకుని వంగి కూర్చునే తీరూ ఆ నొప్పికి ఎక్కువగా కారణాలు. అయితే ఆ సూది తర్వాతి రోజుల్లో, కూర్చుంటే తీవ్రమై పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే అది వేరు. చికిత్స ఉన్న ఆ ఇబ్బందిని తప్పక చెప్పాలి.

గర్భసంచి మీది గాటు అన్నిటికంటే ఎక్కువ కాలం గుర్తుంచుకోవలసినది. ఒక కాన్పు తర్వాత మరో గర్భం దాల్చడానికి కనీసం 24 నెలల ఎడం ఉండటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సిజేరియన్ అయినవారు త్వరగా మళ్లీ గర్భం దాల్చి సహజ ప్రసవానికి ప్రయత్నిస్తే పాత గాటు చిరిగే ముప్పు పెరుగుతుంది. బిడ్డకు పాలివ్వని తల్లిలో నెల తిరగకుండానే, నెలసరి కనబడకముందే అండం విడుదల కావచ్చు. అందుకే గర్భనిరోధం మాట మూడో వారం నాటికే రావాలి, ఆరో వారం దాకా ఆగకూడదు.

కండరాల గడువు

బిడ్డ తల దిగేటప్పుడు కటి అడుగు కండరాల్లో కొంత భాగం తన పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుంది. శరీరంలో మరే ఎముక కండరమూ అంత సాగితే తెగకుండా ఉండదు. గర్భసంచినీ, మూత్రాశయాన్నీ, మలాశయాన్నీ కింది నుంచి మోసేది ఈ కండరాలే. వాటి పట్టు సడలితే దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం జారుతుంది. ఇది కాన్పయిన వారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎదురయ్యే ఇబ్బంది. సర్వసాధారణం కాబట్టి సహించవలసిందే అన్నట్టు మాట్లాడటం సరికాదని నా గట్టి అభిప్రాయం. సర్వసాధారణం కావడం వేరు, చికిత్స లేకపోవడం వేరు.

అపానవాయువునూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు కింది కండరాలను లోపలికి, పైకి లాగి పట్టుకోవడం ఆ చికిత్సగా చేసే కటి కండరాల వ్యాయామపు సారం. ఊపిరి బిగబట్టకూడదు, తొడలూ పిరుదులూ బిగించకూడదు. మొదట రెండు మూడు సెకన్లు పట్టుకుని, అంతే సేపు వదిలి, క్రమంగా పది సెకన్ల దాకా పెంచుతూ, విడతకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు చేయాలి. మూత్రపు గొట్టం తీసి, మామూలుగా మూత్రం వస్తుంటే కాన్పయిన ఒకటి రెండు రోజులకే మొదలుపెట్టవచ్చు. తేలికపాటి బిగింపు ఆ చోటికి రక్తప్రసరణ పెంచుతుంది కాబట్టి కుట్లకు మేలే చేస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం మాత్రం మంచిది కాదు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. ఫలితం తెలియడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. రెండు వారాలు చేసి లాభం లేదని మానేసేవారే ఎక్కువ.

కడుపు ముందు భాగంలో రెండు నిలువు కండరాలను కలిపి ఉంచే పీచుబంధం గర్భంలో సాగి ఎడమవుతుంది. చివరి నెలల్లో ఇది దాదాపు అందరిలోనూ ఉంటుంది. మొదటి ఎనిమిది వారాల్లో ఎక్కువ భాగం తనంతట తానే దగ్గరవుతుంది. లేస్తున్నప్పుడు కడుపు నడుమ గట్టులా ఉబికితే, ఆ కదలిక ఇంకా తొందరపాటే అని అర్థం. పరుగు, గెంతులు, బరువులెత్తే వ్యాయామాలను మూడు నెలలకు ముందు మొదలుపెట్టకపోవడం మేలు. యోనిలో ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటే గర్భసంచి జారిందేమో పరీక్ష చేయించాలి. తుమ్మితేనే కాక, ఏమీ చేయకపోయినా మూత్రం ధారగా, నిరంతరంగా కారుతుంటే అది కండరాల నీరసం కాదు. దీర్ఘంగా అడ్డుపడిన కాన్పు వల్ల మూత్రాశయానికీ యోనికీ నడుమ రంధ్రం పడి ఉండవచ్చు. ఫిస్టులా అనే ఆ గాయాన్ని త్వరగా గుర్తిస్తే, మూత్రపు గొట్టం పెట్టి ఉంచడంతోనే కొందరిలో మానిపోతుంది.

దాంపత్య జీవితానికి ఫలానా రోజు అన్న నియమం లేదు. స్రావం ఆగి, గాయం మాని, తల్లికి ఇష్టం కలగాలి. పాలిస్తున్నంతకాలం ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువగా ఉండి యోని పొడిబారుతుంది. మొదట్లో నొప్పి రావడానికి కుట్లకంటే ఇదే తరచూ కారణం. జారుడు జెల్లు చాలామందికి సరిపోతుంది. చాలనప్పుడు వైద్యులు తక్కువ మోతాదు హార్మోన్ క్రీమ్ ఇస్తారు.

ఆగకూడని సందర్భాలు

ఈ గడువులన్నిటినీ పక్కనపెట్టి ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒక ప్యాడ్ గంటలో పూర్తిగా తడిసి, రెండోదీ అలాగే తడవడం. కోడిగుడ్డు కంటే పెద్ద గడ్డలు పడటం. కళ్లు తిరగడం, గుండె దడ. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, ముఖ్యంగా చలితోనో, చెడు వాసన గల స్రావంతోనో, పొత్తికడుపు నొప్పితోనో కలిసి ఉంటే. ఒక్క కాలి పిక్కలోనే వాపు, నొప్పి ఉంటే నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. హఠాత్తుగా ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం గుండె కండరం నీరసించినప్పుడు కూడా కనబడుతుంది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే రక్తపోటు వెంటనే చూడాలి. గర్భంలో ఎప్పుడూ రక్తపోటు లేనివారికి కూడా కాన్పు తర్వాతి ఆరు వారాల్లో అది రావచ్చు. 160/110 అంకె అత్యవసర స్థితి. కాన్పయి నాలుగు వారాలైందని ఆసుపత్రిలో వారంతట వారు గ్రహించలేకపోవచ్చు, కాబట్టి ఆ మాటను మొదటగా చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం తల్లీబిడ్డలను కనీసం నాలుగు సార్లు చూడాలి: మొదటి 24 గంటల్లో, 48 నుంచి 72 గంటల మధ్య, ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య, ఆరో వారంలో. చాలా చోట్ల మధ్యలోని రెండూ బిడ్డ బరువు, టీకాలతోనే ముగిసిపోతాయి. తల్లి గాయాల్లో క్రిములు చేరేదీ, కుట్లు విడిపోయేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే కనుక, బిడ్డను చూపించడానికి వెళ్లినప్పుడే తన కుట్లు కూడా చూడమని తల్లి అడగాలి. ఆరో వారం పరీక్షలో చర్మాన్ని చూసినంత మాత్రాన సరిపోదు. దగ్గినప్పుడు మూత్రం జారుతోందా, అపానవాయువు ఆగుతోందా, కింద బరువుగా ఉందా, కలయికలో నొప్పి ఉందా అన్న నాలుగు ప్రశ్నలు వైద్యురాలే అడగాలి, ఎందుకంటే చాలామంది తల్లులు అడిగితే తప్ప ఇవి చెప్పరు. తుమ్మినప్పుడు చుక్కలు జారుతున్న ఆ బాలింతకు ఆరో వారంలో కావలసింది కండరాల పట్టును వేలితో పరీక్షించి, వ్యాయామం సరిగా చేస్తోందో లేదో చూసి చెప్పే మనిషి. మూడు నెలలు క్రమం తప్పకుండా చేశాక కూడా జారడం ఆగకపోతే, ఆమెను కటి కండరాల ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపించాలి.